బీల్ ముడి

ఏప్రిల్ 6, 1959. సోమవారం

గ్రేటన్ హోటల్ నుంచి బొమ్మ వచ్చింది. ట్రక్కువాళ్లు తెచ్చి నా గదిలో గోడకు ఆనించి పోయారు. ముప్పై ఏళ్లు బారు గోడ మీద వేలాడి, చుట్టపొగా మాంసం వేపుడు పొగా తాగి, అటక మీది గిన్నెలా నల్లబడింది. హోటల్ చేతులు మారింది. కొత్త యజమాని ఆ గోడకు టెలివిజన్ పెట్టుకుంటాడట. బొమ్మ కౌంటీ మ్యూజియానికి పోతుంది. మే పదహారున ప్రారంభం. ఈలోగా దాన్ని కడిగి, కొత్త వార్నిష్ పూసి ఇవ్వాలి. గీసినవాడు బతికే ఉన్నాడు కనుక ఆ పని వాడిచేతే చేయించడం మర్యాదని మ్యూజియం నడిపే మిసెస్ ఆస్ట్రాండర్ అనుకుంది. చచ్చిపోయుంటే ఇంతకంటే మర్యాద దొరికేది.

ఎదురు గోడ మీద లీలాండ్ పర్డీ బొమ్మ పెడుతున్నారు. పర్డీ ఒహాయో నుంచి రైల్లో వచ్చాడు. జన్మలో ఒక్క దూడకు కూడా తాడు వేయలేదు. ఫొటోలు చూసి గీసేవాడు. ఒకసారి ఫొటో పలకను తిరగేసి పెట్టుకున్నాడు. దాంతో బొమ్మలో మనిషి గుర్రాన్ని కుడివైపు నుంచి ఎక్కుతున్నాడు, దాని ఎడమ తుంటి మీద ఉండాల్సిన రాంచ్ గుర్తు వాత కుడి తుంటి మీదికి పోయింది. 1934లో దాని గురించి పత్రికకు ఉత్తరం రాశాను. ఉత్తరం వేశారు. పర్డీ మూడేళ్లు నాతో మాట్లాడలేదు. పోయిన జనవరిలో చచ్చిపోయాడు. ఇన్నేళ్లు పోషించుకున్న శత్రువు చెప్పాపెట్టకుండా పోతే ఎంత వెలితిగా ఉంటుందో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నా బొమ్మల్లో ఒక్క బకిలు తప్పుగా ఉందని ఇంతవరకు ఎవడూ అనలేదు.

ఏప్రిల్ 7

బొమ్మ పక్కన పెట్టే అట్టకు నాలుగు మాటలు రాసిమ్మంది మిసెస్ ఆస్ట్రాండర్. ఇది రాశాను:

"వదలని తాడు. లైల్ హాస్కెట్, 1928. స్పర్ లేక్ రాంచ్‌లో 1911 శరదృతువులో, అడవి ఆంబోతులను పట్టే పనిలో జరిగిన ప్రమాదం. ఈ ప్రాంతపు కౌబాయ్‌లు పశువును పట్టాక తాడు రెండో కొసను జీను ముందుభాగంలో పొడుచుకొచ్చిన కొమ్ముకు చేత్తో చుడతారు. ఆపద వస్తే చుట్లు వదిలేస్తే చాలు, తాడు జారిపోతుంది. టెక్సాస్ వాళ్లు కొసను కొమ్ముకు ముందే ముడివేసి ఉంచుతారు. ముడి వదలదు. ఓరిన్ బీల్ (26) స్థానిక ఆచారానికి విరుద్ధంగా ముడివేశాడు. ఆంబోతు లాగినప్పుడు తాడు వదలలేక గుర్రం కింద పడి మరణించాడు. చిత్రకారుడు ఆ ప్రమాదానికి ప్రత్యక్ష సాక్షి."

నాకు నచ్చింది. ఒక్క విశేషణం లేదు.

ఏప్రిల్ 9

క్లీట్ వానోయ్ వచ్చాడు. స్పర్ లేక్‌లో మాతో పనిచేసినవాళ్లలో మిగిలింది వాడొక్కడే. కుడిచేతికి బొటనవేలు లేదు. మా వైపు అది వింత కాదు. తాడు చుట్టేటప్పుడు వేలు తాడుకూ కొమ్ముకూ మధ్య పడితే తెగిపోతుంది. కరచాలనం చేస్తే చాలు, ఎవడు చుట్టేవాడో తెలిసిపోయేది.

వాడు కుర్చీ లాక్కుని బొమ్మ ముందు కూర్చున్నాడు.

"ఏరా, దీనికి స్నానం చేయిస్తున్నావా? నువ్వు చేసి ఎన్నాళ్లయిందో?"

"నువ్వు వస్తావని తెలిస్తే నిన్న చేసుండేవాణ్ని."

"ఆంబోతు బాగుంది. నాకు దాని మొహం గుర్తు. మా అత్తగారిలా ఉండేది." కాసేపు చూశాడు. "పాపం ఓరిన్. వాడి చేతివాటం చూసి నేను కుళ్లుకునేవాణ్ని. అలాంటి చేయి ఉన్నవాడు ముడెందుకు వేశాడంటావ్?"

"టెక్సాస్ వాడొకడు వచ్చాడుగా అంతకుముందు ఏడు. వాడు నేర్పాడు."

"వాడు అందరికీ చూపించాడు. మనమెవరం వేయలేదుగా?"

"మొండివాడు," అన్నాను.

"అవున్లే." కాఫీ అడిగాడు. ఇచ్చాను. పంచదార చాలదన్నాడు.

ఏప్రిల్ 11

మిసెస్ ఆస్ట్రాండర్ ఫోన్ చేసింది. గొంతు పండగలా ఉంది.

"మిస్టర్ హాస్కెట్, మీకో శుభవార్త! ఓరిన్ బీల్ జీను దొరికిందండీ. వాళ్ల చెల్లెలు మిస్ ఐడెల్లా షెడ్డులో ఉంచారట, ఇన్నేళ్లూ గుడ్డలో చుట్టి. మీ బొమ్మ కిందే పెడతాం. బొమ్మలోని జీనూ, అసలు జీనూ పక్కపక్కనే! ఎంత బాగుంటుందో చూడండి."

బాగుంటుందన్నాను. ఎలుకలు కొట్టేసిన పాత తోలు జనానికెందుకని కూడా అన్నాను. ఎలుకలు కొట్టలేదంది. స్థలం చాలదేమో అన్నాను. స్థలం కొలిచారట.

నాకేం? పెట్టుకోనీ.

ఏప్రిల్ 14

ఎండ. ఆంబోతు కొమ్ముల దగ్గర రెండు అంగుళాల మేర తుడిచాను.

ఏప్రిల్ 16

క్లీట్ ట్రక్కులో మ్యూజియానికి వెళ్లి జీను చూశాం. పాత ధాన్యం గోదాం అది, ఇంకా గోధుమ వాసన పోలేదు. జీనును బల్ల మీద పెట్టారు. కొమ్ముకు కంచరగాడిద తోలు చుట్టి ఉంది. ఆ తోలు మీద కాలిన చారలు, ఒకదాని మీద ఒకటి. తాడు చుట్లు జారినప్పుడు పడే చారలు అవి. జారేటప్పుడు పొగ వస్తుంది, వెంట్రుకలు మాడిన వాసన వస్తుంది. ముడేసేవాడి కొమ్ము మీద ఇవి ఉండవు.

క్లీట్ తన నాలుగు వేళ్లతో ఆ చారలు తడిమాడు.

"వీడు చుట్టేవాడేరా."

"నాలుగేళ్లు చుట్టాడు. ఆ ఒక్కరోజు ముడేశాడు."

"ఊఁ."

"ఊఁ ఏమిటి?"

"ఊఁ అంటే ఊఁ. నీకిప్పుడు ఊఁకి కూడా అర్థం చెప్పాలా? పుస్తకాలు నువ్వేగా చదివింది."

తిరిగి వచ్చేటప్పుడు వాడు ఈల కూడా వేయలేదు. జీను ఏం రుజువు చేస్తుంది? నాలుగేళ్లు దేవుడికి దండం పెట్టి ఒకరోజు మానేసినవాడి మోకాళ్ల మీద కూడా కాయలు ఉంటాయి. ఈ వాదన బాగుంది. ఎవరైనా అడిగితే ఇదే చెప్పాలి.

ఎవరూ అడగరు.

ఏప్రిల్ 20

ఐడెల్లా బీల్ వచ్చింది. ఓరిన్ చెల్లెలు. డెబ్భై రెండు. ముప్పై ఒక్క ఏళ్లు ఇక్కడి బడిలో పాఠాలు చెప్పింది. పెళ్లి చేసుకోలేదు. చేతిలో కర్ర ఉంది కానీ దాన్ని నేలకు ఆనించదు, మనుషుల్ని చూపించడానికి వాడుతుంది. దారిలో ఎదురైతే టోపీ తీస్తాను, ఆమె తల ఊపుతుంది. నలభై ఎనిమిదేళ్లలో మా ఇద్దరి మధ్య ఇంతే.

బొమ్మకు దూరంగా, పక్కకు తిరిగి కూర్చుంది.

"లైల్, నేనెప్పుడూ నిన్ను ఏమీ అడగలేదు."

"లేదు."

"ఇప్పుడొకటి అడుగుతాను. ఈ ఊళ్లో ఎవడైనా తెలివితక్కువ పని చేస్తే ఏమంటారో నీకు తెలుసుగా."

తెలుసు. బీల్ ముడి అంటారు. బండికి బ్రేకు వేయడం మరిచిపోయినవాడు, తడిసిన గడ్డి వామి వేసినవాడు, తాగుబోతును పెళ్లాడిన పిల్ల, అందరూ వేసింది బీల్ ముడే. నా బొమ్మ క్యాలెండరుగా అచ్చయి ప్రతి వంటింట్లోకీ పోయాక ఆ మాట పక్క కౌంటీలకు కూడా పోయింది.

"బడిలో ఒకసారి ఒక పిల్లవాడు బూటు తాడు తప్పుగా కట్టుకుంటే పక్కవాడు ‘బీల్ ముడి’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడికి నా ఇంటిపేరు గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. నేనేం చేశానో తెలుసా? నేనూ నవ్వాను. పిల్లలు భయపడకూడదని." కర్రతో బొమ్మ వైపు చూపింది, అటు చూడకుండానే. "వాడు మూర్ఖుడే. కాదనను. చేసింది చేశాడు, పోయాడు. కానీ రేపట్నుంచి బడి పిల్లల్ని వరసగా తీసుకొచ్చి చూపిస్తారట. ఆ ముడి కనపడకుండా చేయగలవా? దుమ్ములోనో, చొక్కా చెయ్యి కిందనో. నిన్ను అబద్ధం గీయమనట్లేదు. కనపడకుండా చేయమంటున్నాను, అంతే."

"చేస్తాను," అన్నాను.

"నీకు ఇబ్బందేమో. నీ బొమ్మల్లో తప్పుండదంటారు."

"ఇబ్బంది లేదు, ఐడెల్లా."

"చాలా మంచివాడివి," అని లేచింది. తలుపు దాకా వెళ్లి, తను తెచ్చిన గుడ్డ మూట బల్ల మీద పెట్టి పోయింది. ఇంట్లో చేసిన రొట్టె. వేడిగా ఉంది.

ఏప్రిల్ 21

ముడి తీసేశాను. పావుగంట పని. కొమ్ము మీద కొంచెం దుమ్ము రంగు, కొంచెం నీడ. ముడి లేదు. ముప్పై ఏళ్ల పాటు జనం వేలు పెట్టి చూపించిన చోటు మామూలు జీనయిపోయింది.

మంచి పని చేసినట్టే ఉంది. ఒక వృద్ధురాలి మనసుకు ఊరట కలిగించడం కోసం నా పేరు పణంగా పెట్టాను. పర్డీ చేసేవాడా? పర్డీకి ముడి అంటేనే తెలియదు.

రొట్టె తిన్నాను. బాగుంది. కుక్కకు కూడా పెట్టాను.

ఏప్రిల్ 24

క్లీట్ వచ్చాడు. పది నిమిషాలు బొమ్మ చూశాడు. వాడు ఇలా చూస్తే నాకు చిరాకు. చదువు రాదు కానీ పశువునూ తాడునూ నేను పుస్తకం చదివినట్టు చదువుతాడు.

"ముడేది?"

"తీసేశాను. ఐడెల్లా అడిగింది."

"మంచిది. ఇప్పుడు ఆ తాడు ఎక్కడికి పోతోందిరా?"

"ఏ తాడు?"

"ఎన్ని తాళ్లున్నాయ్? ఆంబోతు కొమ్ములకు ఒక కొస. అది ఫిడేలు తీగలా బిగిసుంది. రెండో కొస ఎవడి దగ్గరుంది? మబ్బుల్లోంచి దేవుడు పట్టుకున్నాడా?"

"దుమ్ములో కనపడట్లేదు."

"దుమ్ము తాడును లాగదురా. తాడు బిగియాలంటే అవతల బరువుండాలి. గుర్రముండాలి, మనిషుండాలి." టోపీ పెట్టుకున్నాడు. "నాకు చెప్పకు. నేనేమైనా బొమ్మలు గీసేవాణ్నా? నాకు మంచం కింద పడ్డ చెప్పు వెతుక్కోవడమే కష్టం."

ఏప్రిల్ 25

తాడును వదులు చేసి చూశాను. బిగువు పోతే ఆంబోతు ఊరికే నిలబడి తల తిప్పినట్టుంది. ఓరిన్ గుర్రం ఏ కారణమూ లేకుండా పడిపోతున్నట్టుంది. మళ్లీ బిగించాను.

ఏప్రిల్ 26

దుమ్ము పెంచాను. బొమ్మంతా దుమ్మే. పర్డీ గీసినట్టుంది. తుడిచేశాను.

ఏప్రిల్ 27

తాడు మొత్తం తీసేశాను. ఓరిన్ ఉత్తి నేల మీద, ఉత్తి గుర్రం కింద చచ్చిపోతున్నాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. అంత సిగ్గులేని బొమ్మ జన్మలో గీయలేదు. మళ్లీ తాడు పెట్టాను.

ముడిని తిరిగి ఓరిన్ కొమ్ముకే వేసేయొచ్చు. ‘కుదర్లేదు ఐడెల్లా’ అంటే సరిపోతుంది. ఆమె నమ్ముతుంది. ఆమె నన్ను ఎప్పుడూ నమ్ముతూనే ఉంది.

ఏప్రిల్ 28

పని చేయలేదు. గొర్రెలు కాసే బాస్క్ వాళ్ల బోర్డింగులో గొర్రె పులుసు తిన్నాను. బల్ల దగ్గర ఎవడో ఎవడితోనో "బీల్ ముడి వేశావ్‌రా నాయనా" అంటున్నాడు. కొత్త ట్రాక్టరు గురించి.

ఏప్రిల్ 30

ముడి సంగతి తర్వాత చూద్దామని ఎడమ మూల తుడవడం మొదలుపెట్టాను. అక్కడ జూనిపర్ చెట్టు ఉంది. పొగ మసి దట్టంగా ఉండటంతో టర్పెంటైన్‌లో ఘాటు మందు కలిపి రుద్దాను. మసితోపాటు ఆకుపచ్చ కూడా లేచిపోయింది. దాని కింద తెలుపు. అడుగు రంగేమో అనుకున్నాను. ఇంకా రుద్దితే ఒక కన్ను వచ్చింది.

గుర్రం. నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లగా ఉన్న ముఖం.

ఆ చెట్టు కింద గుర్రం గీసినట్టు నాకు గుర్తులేదు.

మే 1

గుర్తులేదు.

మే 2

గుర్తుంది.

మే 3. ఆదివారం

మొదట సరిగ్గానే గీశాను. 1928లో, రీనోలో అద్దె గదిలో, మొదటి రెండు వారాలూ జరిగింది జరిగినట్టు గీశాను. తర్వాత గుర్రం మీద చెట్టు వేశాను. ఆ కొండ మీద జూనిపర్లే లేవు. ఇన్నేళ్లలో ఒక్కడూ కనిపెట్టలేదు. పర్డీ కూడా.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకంలో కూడా, నా ఒక్కడికోసం రాసుకునే దీంట్లో కూడా, ముప్పై ఏళ్లుగా అబద్ధమే రాశాను. ఇప్పుడు రాస్తాను.

1910 వేసవిలో క్లీట్ వేలు తెగడం చూశాను. వేలు చేతితొడుగుతో సహా దుమ్ములో పడింది. అందరూ నవ్వారు, క్లీట్ కూడా. మాలో అది ఆచారం. నేనూ నవ్వాను. అప్పటికే మేం పడుకునే బంక్‌హౌస్ గోడల మీద బొగ్గుతో గుర్రాలు గీసేవాణ్ని. పశువులు కొనడానికి వచ్చిన ఒకాయన చూసి, నువ్వు ఈ పని మానేసి ఇదే చేసుకోవాలి అన్నాడు. నాకు అప్పట్నుంచి వేరే ఆలోచన లేదు. క్లీట్ వేలు పోయిన మర్నాడు, బొటనవేలు మడిచిపెట్టి నాలుగు వేళ్లతో బొగ్గు పట్టుకుని గీసి చూశాను. గుర్రం కుక్కలా వచ్చింది.

ఆ రోజు నుంచి ముడివేశాను. టెక్సాస్ వాడు చూపించిన ముడే. ఎవరికీ చెప్పలేదు. మా ఫోర్‌మన్‌కు తెలిస్తే పిరికివాడని పంపించేసేవాడు. అంతకంటే ఎక్కువగా, మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ముడి పైన ఉత్తుత్తిగా రెండు చుట్లు తిప్పితే చూసేవాడికి చుట్టినట్టే ఉంటుంది. ఏడాదికి పైగా ఎవరూ కనిపెట్టలేదు.

ఆంబోతు కొమ్ములకు తాడు వేసింది నేను. ఓరిన్ తన తాడు దాని వెనక కాళ్లకు వేద్దామని చుట్టూ తిరిగి వస్తున్నాడు. ఆంబోతు ఉన్నట్టుండి అటు తిరిగింది. నా తాడు గాల్లోకి లేచి వాడి గుర్రం కాళ్ల మధ్యకు పోయింది. వాడు భయపడలేదు. నా వైపు చూసి "వదులు" అన్నాడు, మామూలుగా, ఉప్పు అందించమన్నట్టు. నేను వదిలితే తాడు కింద పడుతుంది, వాడి గుర్రం దాటిపోతుంది. రెండోసారి గట్టిగా "వదులు!" అన్నాడు. నేను పైచుట్లు విప్పాను. కింద ముడి ఉంది. కత్తి తీసి తాడు కోసేసరికి అయిపోయింది.

ఫోర్‌మన్ వాళ్లు కొండ ఎక్కి రావడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో నా కొమ్ముకున్న ముడి ముక్కను విప్పి ఓరిన్ కొమ్ముకు కట్టాను. వాడి తాడు తీసి నా జీనుకు తగిలించుకున్నాను. రెండూ ఒకే దుకాణంలో కొన్న నారతాళ్లు. ముడి మొదటిసారికే సరిగ్గా పడింది.

రెండేళ్లకు రాంచ్ వదిలాను. బోర్డులు రాశాను, జీనులు చేసే కంపెనీకి క్యాలెండర్లు వేశాను, పత్రికలకు అట్ట బొమ్మలు వేశాను. పేరు వచ్చింది. మనిషి చేతులు ఇతనిలా ఎవరూ గీయలేరని తూర్పు రాష్ట్రాల పత్రికలో ఒకడు రాశాడు.

గ్రీకు నాటకాలు నాలుగైదు చదివాను. వాటిలో తప్పు చేసినవాడికి పీడకలలు వస్తాయి, కళ్లు పోతాయి, ఊరికి తెగులు పడుతుంది. నాకు ఏమీ కాలేదు. బాగా నిద్రపోయాను.

పర్డీ తప్పు తెలియక చేసింది. నేను ఆ సంగతి తెలిసే ఉత్తరం రాశాను.

మే 6

చెట్టు మొత్తం తీసేశాను. గుర్రం ఉంది, నేనున్నాను. ఇరవై అయిదేళ్లవాడు. కుడిచెయ్యి కొమ్ము దగ్గర. 1928లో చెయ్యి ముడిని కప్పేసేలా గీశాను. అప్పుడు కూడా అంతవరకే ధైర్యం.

మే 8

చెయ్యి తీసి ముడి వేశాను. తాడును ఓరిన్ గుర్రం కాళ్ల మధ్య నుంచి నా కొమ్ము దాకా తెచ్చాను. ఓరిన్ కొమ్ము ఖాళీ. వాడి తాడు వాడి చేతిలోనే ఉంది, ఇంకా వేయలేదు.

బొమ్మ నిలబడింది. బరువు ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. ఇది నేను గీసినవాటిలో అన్నిటికంటే మంచిదని రాయడం సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

మే 12

మిసెస్ ఆస్ట్రాండర్ బొమ్మ తీసుకెళ్లడానికి వచ్చింది. కొత్త అట్ట రాసిచ్చాను. చదివి, కుర్చీలో కూర్చుంది.

"మిస్టర్ హాస్కెట్... ఇది పెట్టాలంటారా? పాతది అచ్చయిపోయిందండీ."

"పాతది చించేయండి."

"మీరు ఒకసారి ఆలోచించండి. ఇది మీ గదిలో మీరు చెప్పుకోవాల్సిన సంగతి కదా. ప్రారంభోత్సవం... కేకు కూడా చెప్పాం."

"కేకుకు దీనితో పనేముందండీ?"

"మిస్ బీల్‌కి ముందుగా చెప్పారా?"

చెప్పలేదన్నాను. చెప్పడం మర్యాదంది. రెండుసార్లు ఆమె ఇంటి దాకా వెళ్లాను, గేటు ముట్టుకోకుండా తిరిగొచ్చాను. ఇది ఆవిడతో అనలేదు.

మే 16. శనివారం

మ్యూజియం. నూట యాభై మంది దాకా వచ్చారు. కొత్త చొక్కాలు, బూట్ల పాలిషు వాసన. ముందు పర్డీ బొమ్మ దగ్గర గుంపు. మా బొమ్మ దగ్గరికి మొదట పాత రాంచ్‌ల వాళ్లు నలుగురైదుగురు వచ్చారు. వాళ్లు అట్ట చదవరు. బొమ్మ చదువుతారు. ఆంబోతు నుంచి మొదలుపెట్టి తాడు వెంట ఎడమకు వచ్చారు. ఓరిన్ దగ్గర ఆగుతారనుకున్న కళ్లు ఆగలేదు. ఇంకా ఎడమకు వచ్చాయి. టోపీల కింద మెడలన్నీ ఒకేసారి తిరిగాయి.

క్లీట్ నా పక్కకు వచ్చాడు.

"ఆ తెల్లమొహం గుర్రం నీదేగా?"

"నాదే."

"ముడి?"

"నేనే వేశాను."

వాడు తన కుడిచెయ్యి ఎత్తి నా మొహం ముందు పెట్టాడు. "దీనికి భయపడా?"

"అవును."

చాలాసేపు చెయ్యి దించలేదు. "ఓరి దరిద్రుడా! చెప్పుంటే పోయేదిగా! రెండు రోజులు నవ్వేవాళ్లం. మూడోరోజు నుంచి నీ తాడుకు దూరంగా గుర్రం తోలేవాళ్లం. ముడేసేవాడి తాడు ముందుకు ఎవడైనా వస్తాడురా? ఓరిన్ వచ్చేవాడా?"

రాడు. ఇన్ని పుస్తకాలు చదివి, ఇన్నేళ్లు ముడి గురించే ఆలోచించాను. చెప్పకపోవడం గురించి ఆలోచించలేదు. ఓరిన్‌ను చంపింది ముడి కాదు. ముడి సంగతి వాడికి తెలియకపోవడం.

క్లీట్ వెళ్లిపోయాడు. కేకు దగ్గరికి కాదు, బయటికి.

ఐడెల్లా అప్పటికే వచ్చి ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. బొమ్మకు ఎదురుగా, ఈసారి తిన్నగా నిలబడింది. కర్ర నేలకు ఆనించి ఉంది. అట్ట చదివింది. బడిపంతులమ్మ చదివినట్టు, మొదటి నుంచి చివరి దాకా, మళ్లీ మొదటి నుంచి.

"లైల్."

"చెప్పు."

"ఏటా వాడి పుట్టినరోజున సమాధి దగ్గరికి వెళ్తాను. పూలు పెట్టి, తిట్టి వస్తాను. వెధవా, అమ్మను నీ దిగులుతో చంపుకున్నావ్, నన్ను ఒంటరిదాన్ని చేశావ్, ఒక్క ముడి కోసం, అని. నలభై ఎనిమిదేళ్లు తిట్టాను."

మళ్లీ బొమ్మ వైపు తిరిగింది.

"చివర్లో వాడేమైనా అన్నాడా?"

"వదులు అన్నాడు. రెండుసార్లు."

"అరిచాడా?"

"మొదటిసారి అరవలేదు. మామూలుగా అన్నాడు."

"నువ్వు వదులుతావనుకున్నాడు," అంది.

అని, నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఎలా నిలబడాలో నాలుగు రోజులుగా సిద్ధపడి ఉన్నాను. కోపం లేదు. పాఠం అర్థమైన పిల్లవాడు పలక కింద పెట్టినట్టు నన్ను అక్కడ పెట్టేసి వెళ్లిపోయింది. మిసెస్ ఆస్ట్రాండర్ ఆమెకు కేకు పళ్లెం ఇవ్వబోయింది. తీసుకోలేదు.

మే 17

ఎవరూ రాలేదు.

మే 19

మిసెస్ ఆస్ట్రాండర్ ఫోన్ చేసింది. నిన్న ఉదయం ఐడెల్లా మ్యూజియానికి వచ్చి జీను ఇచ్చేయమందట. ప్రదర్శనకు ఇచ్చినవి ఏడాది దాకా వెనక్కి ఇవ్వకూడదని రాసుకున్నామని ఈవిడ కాగితం చూపించిందట. ఐడెల్లా ఆ కాగితం చదివి, అందులో రెండు అచ్చుతప్పులు దిద్ది, జీను తీసుకుందట.

"బొమ్మను ఏం చేయమంటారని అడిగానండీ. తీసేయమంటారేమోనని నాకు భయం వేసింది. బొమ్మ ఉండనివ్వండి అన్నారు. బడి పిల్లల్ని తీసుకురమ్మన్నారు."

జీను ముప్పై అయిదు పౌన్లు ఉంటుంది. ఆమె ఎలా మోసిందని అడిగాను.

క్లీట్‌ను పిలిపించుకుందట. ట్రక్కులో ఇద్దరూ కలిసి వెళ్లారట. నన్ను పిలవలేదు.